వెన్న ఇంటిది, చల్ల ఊరిది

(కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో, ధనుర్మాసంలో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. ముగ్గులు పెట్టుకుని, గొబ్బెమ్మలు సర్దుకుని, ఇంత పొద్దున్నే వచ్చారు. చాలా సంతోషం. ముందు వరసలో పిల్లలున్నారు. ఆ గుమ్మం దగ్గర నాకంటే పెద్దవాళ్ళు కూచున్నారు. నేను చెప్పేదాంట్లో మీ ఇంటి పద్ధతికి తేడా వస్తే అక్కడే ఆపండి. పాడి విషయంలో ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిదే. నేను చెప్పేది మా వైపు చూసింది, చేసింది.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయినదాన్ని. పుట్టింది కాలవగట్టు ఊళ్ళో, మెట్టింది గోదారి మధ్య లంక ఊళ్ళో. రెండూ పాడి ఉన్న ఇళ్ళే. అందుకే ఇంట్లో వెన్న తీసే పద్ధతి గురించీ దాని చుట్టూ ఉన్న ఆచారాల గురించీ మాట్లాడమన్నారు. వెన్న గురించి తప్పకుండా చెబుతాను. కానీ నా మనసంతా చల్ల మీదే, అంటే వెన్న తీశాక మిగిలే మజ్జిగ మీదే ఉంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మన ఊళ్ళలో పాడి ఉన్న ఇల్లాలు వెన్న తీసేది ఇంటి కోసం. మిగిలిన చల్ల ఊరి కోసం. నెయ్యి అమ్మేవారు, వెన్న అమ్మేవారు, ఎవరూ తప్పుపట్టేవారు కాదు. చల్ల అమ్మారంటే మాత్రం ఆ ఇంటి పరువు పోయేది. పాడి చుట్టూ మన పెద్దలు పెట్టుకున్న పట్టింపులన్నీ ఈ రెండింటి మధ్యనే తిరుగుతుంటాయని నేననుకుంటాను.

మనది గేదెల సీమండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవల్లో నీళ్ళు పారాక వరి పెరిగింది, వరితో గడ్డి పెరిగింది. గడ్డివామి ఉన్న పెరట్లో గేదె ఉంటుంది. తవుడుంది, చిట్టుంది, తెలకపిండి ఉంది. వరికోతలయ్యాక అదే మాగాణిలో పిల్లిపెసర, జనుము చల్లుకుంటాం. మధ్యాహ్నం గేదె ఒళ్ళు చల్లబరుచుకోడానికి కాలవ ఉండనే ఉంది. తర్వాతి రోజుల్లో ముర్రా జాతి దున్నలను తెచ్చి మన నాటు గేదెలను మెరుగుపరిచారు. అలా వచ్చిన రకానికి గోదావరి గేదె అన్న పేరే నిలిచింది.

ఇప్పుడు పిల్లల కోసం ఒక లెక్క. ఆవు పాలలో కొవ్వు 4 శాతానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. మంచి మేత ఉన్న గేదె పాలలో 7 శాతం దాకా ఉంటుంది. అంటే 10 లీటర్ల గేదె పాలలో దగ్గర దగ్గర 700 గ్రాముల కొవ్వు. వెన్నంటే ఉత్త కొవ్వు కాదు. అందులో 80 శాతం కొవ్వయితే మిగతాది ఎక్కువగా నీరే. కాబట్టి చుక్క పోకుండా తీయగలిగితే దాదాపు 875 గ్రాముల వెన్న రావాలి. చేత్తో చిలికినప్పుడు అంత రాదు, కొంత చల్లలోనే ఉండిపోతుంది. అలా ఉండిపోతుంది కాబట్టే ఆ చల్లకి ఆ రుచి. ఇంకొకటి, గేదె వెన్న తెల్లగా ఉంటుంది, ఆవు వెన్న పసుపుపచ్చగా ఉంటుంది. పచ్చిమేతలో ఉండే కెరోటిన్ అనే పసుపు రంగు పదార్థాన్ని ఆవు కొంత అలాగే పాలలోకి వదిలేస్తుంది. గేదె దాన్ని విటమిన్ ఏ కింద మార్చేసుకుంటుంది, అందుకే ఆ రంగు రాదు.

వెన్న పని పాలు పితికిన గంటలోనే మొదలవుతుంది. ఇప్పటి పిల్లలు దాలి చూసి ఉండరు. పెరట్లో గోడ వారగా నేలలో తవ్విన గుంట అది. అందులో పిడకలు పేర్చి, పైన ఊక పోసి, నిప్పు వేస్తే మంట లేవదు. లోపల్లోపలే రాజుకుంటుంది. దాని మీద పాలకుండ పెట్టి, చిల్లుల మూకుడు మూసేవారు. పొద్దున పెట్టిన కుండ సాయంత్రం దాకా అక్కడే. పాలు పొంగవు, మాడవు, అలా కాగుతూనే ఉంటాయి. పాలలోని చక్కెర, మాంసకృత్తులు ఆ నెమ్మది వేడికి కలిసి పాలు ఎర్రబడతాయి. మీగడ మందంగా, ముడతలు ముడతలుగా కడుతుంది. కుండ అడుగున అంటుకున్న గోకుడుని ఆల్చిప్పతో గీకి పిల్లల అరచేతుల్లో పెట్టేవారు. ఆ గోకుడు కోసం అన్నదమ్ములు కొట్టుకోని ఇల్లు ఉండేది కాదు.

సాయంత్రం పాలు గోరువెచ్చగా దిగాక చేమిరి, అంటే తోడు పెరుగు, వేస్తారు. మా అత్తగారు చిటికెనవేలు పాలలో ముంచి, మనసులో ఏదో అనుకునేంత సేపు ఉంచి, తీసేవారు. చురుక్కుమంటే ఇంకా ఆగాలి. ఏమీ తెలియకపోతే ఆలస్యమైపోయినట్టు, ఆ రాత్రి కుండకి గోనెపట్టా చుట్టాలి. థర్మామీటరు పెట్టి చూస్తే ఆవిడ వేలు చెప్పే వేడి 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. పెరుగు బ్యాక్టీరియాకి అనువైన వేడి అదే.

ఇక్కడే మొదటి పట్టింపు వస్తుంది. దీపం పెట్టాక చేమిరి బయటికివ్వరు. శుక్రవారం పాలు పెరుగు ఇవ్వరు. లక్ష్మి వెళ్ళిపోతుందంటారు. దీని వెనక సైన్సుందా అని నన్ను చాలామంది అడుగుతుంటారు, సైన్సు టీచర్ని కదా. ప్రతి ఆచారానికీ ఒక సైన్సు కారణం అతికించే అలవాటు నాకు నచ్చదండి. దీపం పెట్టాక ఇవ్వకపోవడానికి బ్యాక్టీరియాతో సంబంధం లేదు. అయితే ఆ నియమం వల్ల జరిగేదేమిటో చూడండి. చేమిరి లేని ఇల్లాలు పొద్దుండగానే వెళ్ళి అడిగేది. ఇచ్చే ఇల్లాలు పొద్దుండగా కాదనేది కాదు. రాత్రి ఇవ్వకూడదన్న నియమానికి పగలు ఇచ్చి తీరాలన్న నియమం జతగా ఉండేది. మనకి మొదటిది గుర్తుంది, రెండోది మర్చిపోయాం.

ఇక చిలకడం. కవ్వపు గుంజ అంటే పెరటి వసారాలో పాతిన గట్టి కర్ర. దానికి రెండు చోట్ల తాటినార ఉచ్చులు. ఆ ఉచ్చుల్లోంచి కవ్వం నిలువుగా దిగుతుంది. కవ్వం కాండానికి అడుగున చీలికలు చీలికలుగా చెక్కిన గుబ్బ ఉంటుంది. దాన్ని వడ్రంగి ఇంటికొచ్చి చల్లబాన లోతు చూసుకుని చెక్కిచ్చేవాడు. బాన కదలకుండా కింద గడ్డితో చుట్టిన కుదురు. కవ్వపు తాడుని కాండానికి రెండు మూడు చుట్లు తిప్పి, రెండు కొసలు రెండు చేతుల్లో. కుడిచెయ్యి లాగితే ఎడమచెయ్యి వదలాలి. చేతుల బలంతో లాగితే పావుగంటకే భుజాలు పోతాయి. నడుము కాస్త కదులుతూ, ఒక వరసలో సాగాలి. అందుకే చల్ల చిలికే పాటలుండేవి. దంపుడు పాటల్లాగే అవీ పనిలోంచి పుట్టినవి, తాడు ఆగితే పాటా ఆగిపోయేది.

నాలుగింటికే లేచి చిలకడం మొదలెట్టేవారు. ఎందుకంత పొద్దున్నే? రోజు మొత్తంలో చల్లగా ఉండే వేళ అది. పాలలో కొవ్వు చిన్న చిన్న బొట్లుగా ఉంటుంది, ఒక్కో బొట్టు చుట్టూ పలుచని పొర ఉంటుంది. కవ్వం తిరిగే దెబ్బకి ఆ పొర చిట్లాలి, చిట్లిన బొట్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలి. అలా పట్టుకోవాలంటే కొవ్వు సగం గట్టిగా, సగం మెత్తగా ఉండాలి. వేడి 30 డిగ్రీలు దాటిందా, కొవ్వు చాలావరకు కరిగిపోయి జిడ్డుగా సాగుతుంది, ముద్ద కట్టదు. మరీ చల్లబడిందా, బొట్లు రాళ్ళయిపోయి ఒకదానికొకటి అంటవు. అందుకే వేసవిలో కుండలో రాత్రంతా చల్లారిన నీళ్ళు కలిపేవారు, ఈ ధనుర్మాసపు చలిలో గోరువెచ్చటి నీళ్ళు చిలకరించేవారు. ఇప్పుడు మీలో ఎవరింట్లోనైనా మిక్సీలో వెన్న రావడం లేదంటే ముందు చూడవలసింది ఇదే.

వెన్న వచ్చే ఘడియ ఉంది చూశారా, అది చూసి తీరాలి. మొదట్లో పెరుగు చిక్కగా, బరువుగా తిరుగుతుంది, చప్పుడు లోపల్లోపల ఉంటుంది. కాసేపటికి నురగ లేస్తుంది, బాన అంచు దాకా వస్తుంది. తర్వాత ఒక్కసారిగా నురగ కుంగుతుంది, చప్పుడు మారుతుంది. నీళ్ళ చప్పుడు వినపడుతుంది. అప్పుడు కవ్వం పైకి లాగి చూస్తే కాండానికి రవ్వ అంటుకుని ఉంటుంది, తెల్లగా, సన్నగా. ఆ రవ్వ కనపడగానే వేగం తగ్గించాలి. చల్లటి నీళ్ళు రెండు దోసిళ్ళు పోసి, నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాలి. రవ్వ రవ్వా చేరి పైకి తేలుతుంది. మా అత్తగారు చేతికున్న గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని, చెయ్యి చన్నీళ్ళలో తడుపుకుని, వేళ్ళు కాస్త విడదీసి బానలో దింపేవారు. వెన్నని ఎప్పుడూ లాగేవారు కాదు. అంచు వెంబడి చెయ్యి తిప్పుతూ తనంతట అది అరచేతిలోకి వచ్చేదాకా ఆగేవారు. ముద్దని చన్నీళ్ళ గిన్నెలో వేసి, పిసికి, నీళ్ళు పారబోసి, మళ్ళీ నీళ్ళు పోసి, ఆ నీళ్ళు తేటగా కనపడేదాకా కడిగేవారు. వెన్నలో చల్ల మిగిలితే రెండో రోజుకే ముక్క వాసన వస్తుంది.

ఒక్కోరోజు ఎంత చిలికినా వెన్న రాదు. అప్పుడు దిష్టి అంటారు. ఎవరో పాలు చూసి కళ్ళలో పెట్టుకున్నారంటారు. ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకుని గేదె చుట్టూ, చల్లబాన చుట్టూ దిగతీసి నిప్పుల్లో వేస్తారు. గేదె మెడకి నల్లతాడు కడతారు. ఈ నమ్మకాన్ని ఎగతాళి చేసేవాళ్ళతో నేను చేరను. అదే సమయంలో ఒక్క మాట కచ్చితంగా చెప్పాలి. ఈ దిష్టి పేరుతో ఎవరో ఒక మనిషి మీద నింద పడేది. ఆ నింద ఎక్కువగా పిల్లల్లేని ఆడమనిషి మీదో, భర్త పోయిన ఆడమనిషి మీదో, చల్లకొచ్చిన పేద మనిషి మీదో పడేది. ఇది చాలా అన్యాయం. వెన్న రాకపోవడానికి కారణాలు మనకి తెలుసు. వేడి ఎక్కువవడం ఒకటి. పెరుగు సరిగ్గా తోడుకోకపోవడం ఒకటి. గేదె వట్టిపోయే ముందు రోజుల్లో కొవ్వు బొట్లు చిన్నవైపోయి ముద్దకి రాకపోవడం ఇంకొకటి. దిగతీసిన ఉప్పు వల్ల నష్టం లేదు. ఒక మనిషిని గుమ్మం ఎక్కనివ్వకపోవడం వల్ల ఉంది. ఆచారాలు చెప్పుకునేటప్పుడు ఈ భాగాన్ని దాటేయకూడదనే చెబుతున్నాను.

ఇక వెన్న ఇంటిదన్నాను కదా, ఆ సంగతి. వడ్లు అమ్మిన డబ్బు మగవాళ్ళ చేతికి వెళ్ళేది. వెన్న, నెయ్యి అమ్మిన డబ్బు ఆడవాళ్ళ చేతిలో ఉండేది. గిద్దెడు, సోలెడు నెయ్యి కొలిచి పోసి, ఆ డబ్బులు పోపులపెట్టెలో దాచుకున్న ఇల్లాళ్ళు ప్రతి వీధిలో ఉండేవారు. కూతురి పుస్తెలగొలుసుకి కొంత, కొడుకు పరీక్ష ఫీజుకి కొంత, పుట్టింటి నుంచి తమ్ముడొస్తే వాడి చేతిలో పెట్టడానికి కొంత. ఎవరినీ అడగక్కర్లేని డబ్బు అది. ఆడపిల్లకి అరణంగా పాడిగేదెని తోలి పంపడంలో తల్లిదండ్రుల ఆలోచన ఇదే. అత్తింట్లో ఆమెకంటూ ఒక ఆదాయం ఉంటుందని. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు తలూపుతున్నారు, చూశారా.

(సభలో ఒక పెద్దావిడ: "మా అమ్మ ఇచ్చిన గేదె సంతతే మా దొడ్లో నిన్నమొన్నటి దాకా ఉందమ్మా.")

చూశారా, నేను చెప్పడం కాదు, ఆవిడే చెప్పారు. తల్లి ఇచ్చిన గేదెకి పుట్టిన పెయ్య, దానికి పుట్టిన పెయ్య. అలా ఒక ఆడపిల్ల సొమ్ము దొడ్లో పెరిగేది.

ఇప్పుడు చల్ల. వెన్న తీశాక బానలో మిగిలింది ఉత్త నీళ్ళనుకోకండి. కొవ్వు వెళ్ళిపోయింది గానీ, పాలలోని మాంసకృత్తులు చాలావరకు అందులోనే ఉన్నాయి, కాల్షియం ఉంది. కొవ్వు బొట్ల చుట్టూ చిట్లిన పొర కూడా అందులోకే చేరింది. గంజన్నం తిని చేలోకి వెళ్ళే మనిషికి ఆ రోజు దొరికే మాంసకృత్తుల్లో ఆ ముంతెడు చల్లది పెద్ద వాటా. తెల్లారేసరికి పెరటి గుమ్మం దగ్గర ముంతలు వరసకట్టేవి. ఊడ్పుల రోజుల్లో మరీను. చల్లకొచ్చి ముంత దాచడమెందుకంటారు. ఆ సామెతని మనం నవ్వుతూ వాడేస్తాం గానీ, అడగడానికి బిడియపడ్డ మనిషి అందులో ఉన్నాడు. ఆ బిడియం పోగొట్టడానికే కొన్ని ఇళ్ళలో అడక్కముందే పోసే పద్ధతి ఉండేది. మా అమ్మమ్మ బాన దగ్గర కూచుంటే ఎవరొచ్చారో తలెత్తి చూసేది కాదు, ముంత చూసి పోసేది. ఏ ముంత ఏ ఇంటిదో, ఆ ఇంట్లో ఎంతమందో ఆమెకి తెలుసు.

అందరికీ ఒకే మర్యాదతో పోశారని మాత్రం చెప్పలేనండి. కొందరికి వసారాలో పోశారు, కొందరికి పెరటి గోడ అవతల, ముంత తగలకుండా పైనుంచి పోశారు. చల్ల ఒకటే, చెయ్యి వంచిన తీరు వేరు. ఊరు కలిసి బతికిందని చెప్పుకునేటప్పుడు ఇదీ చెప్పాలి. ఆ పైనుంచి పోయించుకున్న ఇళ్ళ పిల్లలు నా క్లాసులో చదువుకున్నారు. వాళ్ళ అమ్మలు ఆ సంగతి మర్చిపోలేదు, మర్చిపోవలసిన పనీ లేదు.

గేదె ఈనితే జున్నుపాలు ఇరుగుపొరుగుకి పంచడం అందరికీ తెలుసు. మొదటి పాలలో మాంసకృత్తులు ఎక్కువ, కాబట్టి కాస్త వేడి తగలగానే గడ్డకడతాయి. బెల్లం, మిరియాలపొడి వేసి ఆవిరి మీద పెడితే జున్ను. దూడ కడుపు నిండాకే పితకాలి, అది నియమం. పురుడు వెళ్ళేదాకా ఆ పాలు దేవుడి దగ్గర పెట్టరు. జున్నుపాలు తెచ్చిన గిన్నె ఒట్టిగా తిరిగివ్వరు. కాసిన్ని బియ్యమో, బెల్లంముక్కో, రెండు పసుపుకొమ్ములో వేసి ఇస్తారు. మా వీధిలో ఇప్పటికీ ఇది ఆగలేదు. ప్లాస్టిక్ డబ్బాలో అయినా సరే, పంచదార వేసే ఇస్తున్నారు.

పండగల గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసినవే. కృష్ణాష్టమికి వెన్న, అటుకులు, వీధిలో ఉట్టి. ఆంజనేయస్వామికి ఒళ్ళంతా వెన్న అలంకారం. నాగుల చవితికి పుట్టలో పాలు, చలిమిడి, చిమ్మిలి. ఇదిగో ఈ నెలలో, తిరుప్పావైలో 27వ పాశురం చదివే కూడారై రోజున మోచేతి దాకా కారేంత నెయ్యి వేసి చక్రపొంగలి. పురిటిబిడ్డ ఒంటికి రాసేదీ వెన్నే, కొత్తావకాయ కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్లాడి పళ్ళెంలో పడేదీ వెన్నే.

నెయ్యి దగ్గర కాసేపు ఆగాలి. మూడు నాలుగు రోజుల వెన్న పోగయ్యాక కాచుతారు. సన్నటి సెగ. మొదట నురగ, చిటపట. ఆ చిటపట వెన్నలోని నీరు ఆవిరయ్యే చప్పుడు. అది ఆగిందంటే నీరయిపోయిందన్నమాట. ఆ తర్వాత ఉన్న వ్యవధి చాలా చిన్నది. అడుగున గసి గోధుమరంగుకి తిరగగానే దింపెయ్యాలి, తమలపాకు తుంచి వేయాలి. కొందరు కరివేపాకు, కొందరు మునగాకు వేస్తారు. నాకు తమలపాకే ఇష్టం. నిదానంగా చల్లారనిస్తే పూసకడుతుంది, గబగబా చల్లారిస్తే మైనంలా ముద్దగా ఉండిపోతుంది. ఆ గసిలో బెల్లం కలిపి ముద్దలు చేసి పెడితే పిల్లలకి అంతకు మించిన మిఠాయి లేదు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రేకు తీసే చేతుల నేర్పు ఎంత గొప్పదో, రేకుల మధ్య పూసే నేతి వాసనా అంతే ముఖ్యం. నెయ్యి బాగులేకపోతే ఒట్టి కాగితం నమిలినట్టుంటుంది.

మరి ఇదంతా ఎందుకు పోయింది? 1970లో ఆపరేషన్ ఫ్లడ్ అనే జాతీయ పాల పథకం మొదలైంది. తర్వాతి సంవత్సరాల్లో మన ఊళ్ళకీ పాలకేంద్రాలు వచ్చాయి. పొద్దున పితికిన పాలు ఏడింటికల్లా క్యాను ఎక్కేస్తాయి. పట్నంలో పిల్లలకి పాలు దొరికాయి, రైతుకి పది రోజులకోసారి, పదిహేను రోజులకోసారి డబ్బు చేతికొచ్చింది. ఇది మంచే, నేను కాదనను. అయితే పాలు ఇంట్లో ఉండకుండా వెళ్ళిపోయాయి. దాలి ఆరింది, బాన బోర్లించారు, గుంజ ఊడదీశారు. కేంద్రంలో పాలకి వెన్న శాతం చూసి డబ్బులిస్తారు. పూర్వం సన్న మెడ గాజుగొట్టంలో ఆమ్లం, పాలు పోసి యంత్రంలో గిరగిరా తిప్పి కొలిచేవారు, ఇప్పుడు మీట నొక్కితే అంకె వస్తుంది. ఆ అంకెకి తగ్గ ధర రైతుకి వస్తోంది. చల్లకి మాత్రం ఆ లెక్కలో చోటు లేదు. చల్ల పోయించుకున్న ఇళ్ళు ఇప్పుడు మజ్జిగ ప్యాకెట్టు కొనుక్కుంటున్నాయి. పాల డబ్బులు ఇంటాయన పేరు మీదున్న ఖాతాలో పడుతుంటే, ఇల్లాలి పోపులపెట్టె కూడా ఖాళీ అయింది. ఈ రెండూ ఒకేసారి జరిగాయి. దీని గురించి మనం మాట్లాడుకున్నది చాలా తక్కువ.

లంక ఊళ్ళలో కవ్వం ఇంకొంతకాలం బతికింది. గోదారి పొంగి పడవ కట్టేస్తే పాలు రేవు దాటవు. తోడేసి చిలకడం తప్ప దారి లేదు. వరద రోజుల్లో లంకలో అందరిళ్ళలో చల్ల ఉండేది, కూరగాయలుండేవి కావు. మజ్జిగపులుసు, చల్లమిరపకాయలు, వాటితోనే గడిచేది.

ఇక అడగవలసినవి అడగండి.

(ప్రశ్న: "మేం మీగడ తీసి ఫ్రిజ్‌లో దాచి, వారానికోసారి మిక్సీలో వేస్తున్నామండి. నెయ్యికి ఆ వాసన రావడం లేదెందుకు?")

మంచి ప్రశ్నమ్మా. మీరు దాస్తున్నది పచ్చి మీగడ. అది తోడుకోలేదు. పాలు పెరుగయ్యేటప్పుడు కొన్ని రకాల బ్యాక్టీరియా డయాసిటైల్ అనే పదార్థం తయారుచేస్తాయి, వెన్న వాసనలో ముఖ్యమైనది అదే. అందుకని మీగడ డబ్బాలో మొదటి రోజే ఒక చెంచా పెరుగు వేసి కలపండి. మిక్సీ వేసే ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి, పూర్తిగా తోడుకోనివ్వండి. తిప్పేటప్పుడు చన్నీళ్ళు పోయండి, ఆపి ఆపి తిప్పండి. మిక్సీ బ్లేడు వేగానికి జారు వేడెక్కిపోతుంది. వచ్చిన వెన్నని కడగకుండా కాచకండి. ఇంత చేసినా ఒకటి మాత్రం రాదు. మీగడ ఒక్కదాన్నే తిప్పితే మిగిలేది గ్లాసుడు మజ్జిగ. మొత్తం పెరుగు చిలికితేనే బానెడు చల్ల. ఇంట్లో ఒక్క గేదె ఉన్నవాళ్ళని నేను అడిగేది ఇదే. వారంలో ఒక్క పూట పాలు కేంద్రానికి వేయకండి. తోడేయండి, మొత్తం పెరుగూ చిలకండి, పక్కింటికి చల్ల పంపండి.

(ప్రశ్న: "చల్ల చిలికే పాటలు ఎవరికైనా వచ్చా అండి ఇప్పుడు?")

మా అత్తగారితో ఆమె పాడినవి పోయాయి, నాకు ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఆ గుమ్మం దగ్గర కూచున్న పెద్దావిడకి వచ్చని ఇందాక చెప్పారు. పిల్లలూ, మీ ఫోన్లు ఉన్నాయి కదా, ఆవిడ పాడుతుంటే మొత్తం రికార్డు చేయండి. మధ్యలో ఆపకండి, చరణం మర్చిపోతే తొందరపెట్టకండి. ఆవిడకి కుర్చీలో కూచుని పాడడం రాదట, చేతిలో తాడుండాలంటున్నారు. ఉంటుంది. వసారాలో బాన పెట్టించాను, నిన్న సాయంత్రం తోడేసిన పెరుగే. ఎండ ఎక్కకముందే మొదలెట్టాలి. ముందు వరసలోంచి ఒక్కొక్కరే రండి. కుడిచెయ్యి లాగితే ఎడమచెయ్యి వదలండి. రవ్వ కనపడగానే నన్ను పిలవండి. గ్లాసులు ఆ బల్ల మీదున్నాయి, ఉప్పూ అల్లం పక్కనే ఉన్నాయి.